పోలమ్మకు రాసిన పేజీ

కిరండూల్
9-7-1989

అప్పా,

అందరం క్షేమమని మొదలుపెడితే ఈసారి అబద్ధమవుతుంది. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను.

పోలమ్మ నెల తప్పింది. ఇప్పుడు రెండు నెలలు. అక్కవైనా నీకు రాయలేదు. పోయినేడు మొదటిది మూడో నెల నిండకుండానే పోయింది కదా, అందుకని ఈసారి అయిదో నెల వచ్చేదాకా బయట ఒక్కరికీ తెలియకూడదని అమ్మ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. ఇలాంటి ఆచారాలంటే నాకు ఒళ్ళుమంట. అయినా పోలమ్మ ముఖం చూసి ఊరుకున్నాను.

గురువారం పనిలో ఉండగా చీరకు ఎరుపు కనిపించింది. మా పని నీకు తెలిసిందే. వ్యాగన్లు నింపేటప్పుడు పట్టాల మీద రాలిన ఇనుప ఖనిజాన్ని తట్టలకెత్తి అవతల పోయాలి. ఆమె ఆడవాళ్ళ జట్టు, నేను మగవాళ్ళ జట్టు. ఆమె నాకు చెప్పలేదు. జట్టులో తన పక్కన ఎత్తే బుధ్రికి చెప్పింది. బుధ్రి పట్టాలు దాటి వచ్చి, "ఘర్ లే జా, అభీ లే జా" అని, ఇప్పుడే ఇంటికి తీసుకుపొమ్మని, నా చేతిలో పార లాక్కుంది.

ఇంటికి వచ్చాక అమ్మ అందుకుంది. "తట్ట మొయ్యొద్దని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఇన్నావేటే?" అంది. పోలమ్మ, "మొయ్యకపోతే హాజరీ ఎవులేస్తారు, నువ్వేస్తావా?" అంది. ఆ మీదట నేను గట్టిగానే మాట్లాడాను. అమ్మ అన్నం తినకుండా లేచిపోయింది.

తప్పు పోలమ్మది కాదు. తప్పు ఆ ఎర్ర దుమ్ముది. ముద్ద అన్నంలో దుమ్ము, తలగుడ్డలో దుమ్ము, ఉమ్మితే ఎరుపు. మధ్యాహ్నం కొండ మీద పేలుడు జరిగితే మా గూట్లో గిన్నెలు కదులుతాయి, కడుపులో పిండం కదలదా? గనుల దుమ్ము మనిషిని ఎలా తింటుందో నేను మూడు చిన్న పుస్తకాలు చదివాను. ఆడవాళ్ళ గర్భం గురించి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది రాయాల్సింది మనమే.

నువ్వు నర్సువి. కొంటా ఆరోగ్య కేంద్రంలో ఏడేళ్ళ సర్వీసు. దుమ్ము వల్ల గర్భం పోతుందని నాలుగు మాటలు రాసి సంతకం పెట్టి పంపు. నీలకంఠం మావ దగ్గర సైక్లోస్టైల్ యంత్రం ఉంది. కరపత్రం వేస్తాం. కాంట్రాక్టరు సమాధానం చెప్పాలి.

పోలమ్మ మంచం దిగడం లేదు. ఇంకా కొద్దికొద్దిగా కనిపిస్తూనే ఉంది. ఇది నిలుస్తుందో లేదో కూడా రాయి.

నీ తమ్ముడు
కూర్మారావు

*

కొంటా
18-7-1989

కూర్మారావుకు,

నీ ఉత్తరంలో సగం దుమ్మే ఉంది. పోలమ్మకు ఎంత పోతోంది, ఏ రంగులో పోతోంది, నొప్పి ఉందా, జ్వరం ఉందా అన్నవి ఒక్కటీ లేవు. నువ్వు అడిగి ఉండవు.

ముందు ఇవి కంఠస్థం చెయ్యి. గంటకో గుడ్డ తడిసేంత పోతే, గడ్డలు పడితే, పొత్తికడుపులో ఒక పక్కనే పొడిచినట్టు నొప్పి వస్తే, భుజం పీకినా, కళ్ళు తిరిగి పడినా, చలిజ్వరం వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళు. రాత్రయినా, వాన పడుతున్నా ఆగకు. ఇవేవీ లేకపోయినా ఒకసారి డాక్టరమ్మకు చూపించు.

నిలుస్తుందా అన్నావు. నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. విశాఖపట్నంలో స్కానింగు చేసి లోపల గుండె కొట్టుకోవడం చూస్తే ఇంకాస్త ధైర్యంగా మాట్లాడతారు. డాక్టరమ్మ వెళ్ళమంటే వెళ్ళండి.

దుమ్ము గురించి సంతకం పెట్టను. ఊపిరితిత్తులకు చెడ్డదని తెలుసు, ఎన్నిసార్లయినా పెడతాను. గర్భం సంగతి నాకు తెలియదు. తెలియనిదానికి నా పేరు ఇవ్వను.

రెండో పేజీ పోలమ్మది. ఆమె కూడబలుక్కుని చదివేసరికి పొద్దుపోతుంది కాబట్టి నువ్వే చదివి వినిపించు. ఉన్నది ఉన్నట్టు చదువు.

గురమ్మ

పోలమ్మా,

ఇది నీకు. భయపడకు అని చెప్పి ఊరుకోను, ఎందుకు భయపడనక్కర్లేదో చెబుతాను. మొదటి మూడు నెలల్లో ఇలా ఎరుపు కనిపించడం నలుగురిలో ఒకరికి ఉంటుంది. వాళ్ళలో సగం మందికి పైగా నిక్షేపంగా కంటారు. పోయినసారి పోయింది కాబట్టి ఈసారీ పోతుందని లెక్క లేదు. ఒకటి పోయినవాళ్ళలో ఎక్కువమందికి తరవాతది నిలుస్తుంది.

ఒకవేళ నిలవకపోయినా అది నువ్వు చేసిన పని వల్ల కాదు. మొదట్లో పోయేవి చాలావరకు పిండం మొదటే సరిగ్గా కట్టకపోవడం వల్ల పోతాయి. నువ్వు తట్ట ఎత్తినందుకు కాదు, మొగుడితో తగువాడినందుకు కాదు, అమ్మకు ఎదురు చెప్పినందుకు కాదు.

మంచం మీదే ఉంటే బిడ్డ నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోకు. ఎరుపు ఆగాక లేచి తిరుగు. వంట చేసుకో. ఎండలో పెద్ద బరువులు మాత్రం ఇప్పుడొద్దు. ఎలా ఉన్నావో నీ మాటల్లో రాయించి పంపు.

వదిన

*

కిరండూల్
30-7-1989

అప్పా,

ఉత్తరం ఇరవై ఆరున అందింది. నువ్వు రాసిన ప్రమాద సూచనలు ఒక్కటీ లేవు. అంతకు ముందే, పన్నెండో తేదీన డాక్టరమ్మకు చూపించాను. గర్భసంచి నోరు మూసుకునే ఉందని, చూద్దామని చెప్పింది. ఇరవయ్యో తేదీ నుంచి ఎరుపు లేదు. పోలమ్మ పేజీ చదివి వినిపించాను.

ఆమె మంచం మీదే ఉంది. నీళ్ళు కూడా అమ్మ అందిస్తోంది. పక్కకు తిరగాలన్నా రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని తిరుగుతుంది. పేలుడుకు ముందు సైరన్ కూత పెట్టగానే కళ్ళు మూసుకుంటుంది. రోజుకొకసారి, "నాను సేసిందేనేటి?" అని అడుగుతుంది. నేను కాదంటాను. దుమ్ము అంటాను.

నువ్వు సంతకం పెట్టకపోవడం నాకు కష్టంగా ఉంది. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళకు నోరు పెగలదని నీలకంఠం మావ అన్నాడు. నేను నిన్ను వెనకేసుకొచ్చాను, కానీ మనసులో ఆ మాటే అనుకున్నాను. నీ సంతకం లేకుండానే కరపత్రం రాశాను. మొదలు ఇలా ఉంటుంది:

"సోదరులారా! సోదరీమణులారా! ఈ ఎర్ర దుమ్ము పోయినేడు ఒక కార్మికుడి మొదటి బిడ్డను మింగింది. ఈ ఏడు రెండో బిడ్డనూ మింగుతోంది. ఆ కార్మికుడు మరెవరో కాదు, ఈ కరపత్రం రాసినవాడే!"

పేరు కింద ఉంటుంది. ఒట్టు సంగతి అమ్మ ఎత్తింది. పదిమంది మేలు కోసం తప్పే ఒట్టు ఒట్టు కాదని చెప్పాను. పోలమ్మకు ఇంకా చెప్పలేదు. కరపత్రం అచ్చయ్యాక చెబుతాను.

కూర్మారావు

*

కొంటా
8-8-1989

కూర్మారావుకు,

శబరి నది పొంగి రోడ్డెక్కింది. బస్సులు రెండు రోజులుగా లేవు. ఇది నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు.

ఇరవయ్యో తేదీ నుంచి ఎరుపు లేదని నువ్వే రాశావు. ఎరుపు ఆగితే లేచి తిరగమని నేను రాశాను. అయినా ఆమె మంచం దిగడం లేదు. తప్పు నీది కాదని నేను రాశాను. అయినా రోజూ అదే అడుగుతోంది. నాకు ఇది కుదరడం లేదు. ఆ పేజీ మొత్తం వినిపించావా? అవుననో కాదనో రాయి. మధ్యలో ఇంకేమీ రాయకు.

నిన్న మాసే అని ఒకావిడ వాగు దాటి వచ్చింది. వచ్చేసరికే గర్భం పోయింది. అంతా శుభ్రం చేసి పడుకోబెట్టాక, "నేనేం చేసిన నర్సమ్మా?" అని అడిగింది. ఏమీ చెయ్యలేదన్నాను. "ఏందీ? మల్ల చెప్పు" అంది. మళ్ళీ చెప్పాను. "మా అత్తకు గూడ చెప్పు" అని ఆమెను లోపలికి పిలిచింది. మూడోసారి చెప్పాను. అప్పుడు నిద్రపోయింది. ఏడేళ్ళలో నేను ఎక్కువసార్లు పలికిన మాట అది. మందు కంటే ముందు ఇచ్చేది అదే. అది కూడా ఇవ్వకుండా దాచుకునేంత తెలివి నీకు ఉండకూడదని కోరుకుంటున్నాను.

కరపత్రంలో "మింగుతోంది" అని రాశావు. మింగలేదు. ఆ బిడ్డ ఉంది. వెయ్యకు.

గురమ్మ

*

కిరండూల్
21-8-1989

అప్పా,

నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. కరపత్రం పన్నెండునే పంచాం. కాబట్టి నువ్వు వద్దన్నది జరిగిపోయింది. జరిగింది వరసగా రాస్తాను.

మూడు వందల కాపీలు గేటు దగ్గర ఇచ్చాం. సగంమందికి చదువు రాదు. అందుకని సాయంత్రం కుళాయి దగ్గర ఎవరో హిందీలో తిప్పి చెప్పారు. చెప్పినవాడు "మింగుతోంది" దగ్గర ఆగకుండా "మింగేసింది" దాకా వెళ్ళినట్టున్నాడు.

మర్నాడు ఆదివారం పొద్దున్న బుధ్రి మా ఇంటికి వచ్చింది. మా పొయ్యి వెలిగి ఉండదనుకుని సొరబుర్రలో జావ తెచ్చింది. గుమ్మంలో కూర్చుంది. ఏడుపు మొదలుపెట్టింది.

పోలమ్మ మంచం మీది నుంచే, "ఎవులు పోనారే?" అంది.

బుధ్రి ఆమె పొట్ట వైపు చెయ్యి చూపించింది. "సబ్‌కో మాలూమ్ హై. కాగజ్ మే లిఖా హై" అంది. అందరికీ తెలుసట, కాగితంలో రాసి ఉందట.

నేను అప్పుడు గడప దగ్గరే ఉన్నాను. ఏదో చెప్పబోయాను. పోలమ్మ నా వైపు చూడలేదు. మంచం దిగింది. అన్ని రోజుల తరవాత అదే దిగడం. నడిచి గుమ్మం దాకా వెళ్ళి, ఆ సొరబుర్ర తీసుకుని నిలబడే జావ తాగింది. "పారబొయ్యను. బతికున్న దానికి తెచ్చినావనుకుంటాను" అంది. బుధ్రికి అది అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను తిట్టింది. గోండీ తిట్లు నాకు కొన్నే వచ్చు, అందులో రెండు ఉన్నాయి.

తరవాత పోలమ్మ నీ పేజీ అడిగింది. ఇచ్చాను. అది పట్టుకుని టీ దుకాణం అప్పలకొండ పిన్ని దగ్గరికి వెళ్ళి చదివించుకుంది. రెండుసార్లు చదివించుకుందని పిన్ని చెప్పింది.

నువ్వు అవుననో కాదనో రాయమన్నావు. కాదు. సగం మందికి పైగా కంటారన్నది చదవలేదు. పిండం మొదటే కట్టకపోవడం వల్ల పోతుందన్నదీ, తట్ట ఎత్తినందుకు కాదన్నదీ చదవలేదు. లేచి తిరగమన్నది చదవలేదు. బదులుగా, "వదిన నిన్ను జాగ్రత్తగా పడుకోమంది" అని నేను కలిపాను.

మధ్యలో ఏమీ రాయొద్దన్నావు కానీ రాస్తాను. ఆమె లేచి తిరిగితే మర్నాడే తట్ట పట్టుకుంటుంది. పట్టుకుంటే కరపత్రం ఎవరు నమ్ముతారు? ఇలాగే అనుకున్నాను. రాస్తుంటే ఇప్పుడు కనిపిస్తోంది, ఇందులో బిడ్డ నిలిస్తే నాకు ఇబ్బంది అన్నట్టుంది. అలా అనుకోలేదు. కానీ అలాగే నడిచాను.

పిన్ని దగ్గర నుంచి వచ్చాక పోలమ్మ ఒకటే మాట అంది. "దుమ్ము మింగనేదు. మా వొదిన మాటలు నువ్వు మింగినావు." నేను పోరాటం గురించి చెప్పబోయాను. "నా కడుపు మీద కూకుని సెయ్యకు ఆ పోరాటం. ఎవులి కడుపు మీదైనా సెయ్యి, నీ కడుపు నేదా?" అంది. అమ్మ నవ్వింది. ఆ పరిస్థితిలో అమ్మ నవ్వడం నాకు వింతగా అనిపించింది.

సోమవారం తెల్లారి పాసింజరుకి బచేలిలో వాళ్ళ మేనత్త ఇంటికి వెళ్ళిపోయింది. మూట అమ్మే మోసింది. స్టేషనుకు నన్ను రావద్దన్నారు. నిన్న ఆదివారం బచేలి వెళ్ళాను. తలుపు తీసింది, కూర్చోమంది, మంచినీళ్ళు ఇచ్చింది. మూడున్నరకు, "బండి టైమైనాది" అంది. అంతే.

కూర్మారావు

*

బచేలి
1-10-1989

వొదినకి పోలమ్మ రాయించేది,

మా మేనత్త కూతురు రాస్తన్నాది. ఎనిమిది సదివింది. నాను సెప్పింది సెప్పినట్టు రాయమని ఒట్టేయించుకున్నాను. మీ తమ్ముడి దెబ్బకి నాకు సదివినోలంటే బయమేసేస్తన్నాది.

నీ కాగితం నా పెట్టెలో ఉంది. అప్పలకొండ పిన్ని సదివినప్పుడు, నువ్వు తట్ట ఎత్తినందుకు కాదు అన్న కాడ ఆపించి మల్లీ సదివించినాను. పోయినేడుది కూడా అంతేనా వొదినా? అప్పుడు నాను కొండెక్కి కట్టెలకెల్లినాను. ఏడాది పొడుగునా ఆ కట్టెల మోపే కల్లో వొచ్చీది. అత్తకి కూడా సెప్పనేదు. నువ్వొకసారి రాసెయ్యి, దానిక్కూడా అది కాదని.

ఇక్కడ నాను లేచి తిరుగుతున్నాను. వొండుతున్నాను. డాక్టరమ్మ పొట్ట మీద గొట్టం ఎట్టి ఇన్నాది, బాగుందని సెప్పినాది. విశాపట్నం అక్కర్లేదంది.

అసలు సంగతి. పోయిన బుదారం మద్దేన్నం బియ్యం సెరుగుతుంటే కదిలినాది. ముందు ఆకలనుకున్నాను. మల్లీ కదిలినాది. సేట పక్కనెట్టేసి కూకున్నాను. గోడకి బల్లి తోకాడించినట్టుగ అంతే, కానీ అదే. ఎవులికీ సెప్పనేదు, మేనత్తకి నిన్న సెప్పినాను, నీకు ఇయ్యాల.

ఆయనకి సెప్పనేదు. ఆదివారం ఆదివారం వొస్తన్నాడు. గుమ్మం కాడ సెప్పులిప్పి కూకుంటాడు. రాగానే దుమ్ము గురించి, ముక్కుకి కట్టే గుడ్డల గురించి, మీటింగు గురించి సెప్తాడు. ఎలాగున్నావని అడుగుతాడు గానీ నోరు తెరిసేలోపు ఆడే ఇంకోటి ఎత్తుకుంటాడు. ఇది సెప్పీసినాననుకో, మర్నాడు ఇంకో కాగితం ఏస్తాడు. కొన్నాల్లు ఇది నాదే. సదివే పనీ రాసే పనీ ఆయనకుంది కదా, ఇది నాకుండనీ.

నాను సెప్పిందాకా నువ్వూ సెప్పకు.

పోలమ్మ

*

కొంటా
10-10-1989

కూర్మారావుకు,

సెప్టెంబరులో నువ్వు రాసిన మూడు ఉత్తరాలకూ కలిపి ఇది జవాబు. మూడింటిలోనూ ఒకటే ప్రశ్న. పోలమ్మ నాకు ఏమైనా రాసిందా, బిడ్డ ఎలా ఉంది, నాకు తెలిసింది నీకు చెప్పాలి కదా అని.

రాసింది. నాకు తెలిసింది నీకు చెప్పను. ఆ పొట్ట గురించి ఇంక నా దగ్గర అడగకు, ఆమెనే అడుగు. అడిగాక నోరు మూసుకుని కూర్చో. ఆమె వెంటనే చెప్పకపోతే ఆ ఖాళీలో నీ మీటింగు సంగతులు పెట్టకు. ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చో. నీకు ఇది కష్టమని తెలుసు. చిన్నప్పటి నుంచీ నువ్వు నిద్రలో కూడా మాట్లాడేవాడివి.

కాంట్రాక్టరును ఏమీ అనకూడదని నేను చెప్పడం లేదు. ముక్కుకు కట్టుకునే గుడ్డలు అడుగు. గర్భంతో ఉన్నవాళ్ళకు తేలిక పని, హాజరీ తగ్గకుండా ఇమ్మని అడుగు. అవి న్యాయమైనవే. వాటిని అడగడానికి చచ్చిపోయిన బిడ్డ అక్కర్లేదు. దుమ్ము గురించి, ఊపిరితిత్తుల గురించి రాసి సంతకం పెట్టి దీనితో పంపుతున్నాను. నా పై అధికారి ఏమంటే అది నేను చూసుకుంటాను.

ఒకటి మిగిలింది. కరపత్రంలో తప్పు రాశావు. ఏ కుళాయి దగ్గర చదివారో అక్కడికే వెళ్ళి సరిదిద్దు.

పోలమ్మకు విడిగా ఉత్తరం రాశాను. అది అప్పలకొండ పిన్ని ద్వారా కాదు, నీ ద్వారా అసలు కాదు, నేరుగా బచేలికి వెళుతుంది.

గురమ్మ

*

కిరండూల్
23-10-1989

అప్పా,

కుళాయి దగ్గరికి వెళ్ళాను. రెండో కరపత్రం అచ్చు వేద్దామంటే నీలకంఠం మావ స్టెన్సిల్ ఇవ్వనన్నాడు. "సరిదిద్దుకుంటే చులకనైపోతాంరా" అన్నాడు. నేను గొడవ పడ్డాను. గొడవ పడ్డాక కాగితం లేకుండానే వెళ్ళాను. బిందెలు వరసలో ఉన్నాయి. "మా బిడ్డ చనిపోలేదు. నేను రాసింది తప్పు" అని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. గోండీలో బుధ్రి చెప్పింది. నేను చెప్పినదానికంటే ఆమె చెప్పింది పొడుగుగా ఉంది. ఆడవాళ్ళు చాలాసేపు నవ్వారు. ఆమె ఏం కలిపిందో నేను అడగలేదు.

నీ సంతకం ఉన్న కాగితం ఇచ్చాం. గుడ్డలు ఇంకా రాలేదు. తేలిక పని సంగతి చూస్తామన్నారు.

నిన్న బచేలి వెళ్ళాను. పోలమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "ఎలా ఉన్నావు?" అని అడిగాను. "బాగున్నాను" అంది. నువ్వు చెప్పినట్టు ఊరుకున్నాను. ఖనిజం బండి ఒకటి పూర్తిగా వెళ్ళిపోయింది. ఆమె నా వైపు ఒకసారి చూసి, "ఏటి, గొంతు నొప్పా?" అంది. కాదని తల ఊపాను. ఇంకో బండి ఖాళీగా వచ్చింది. చేతులు ఊరికే పెట్టుకోలేక నేనూ గింజలు తీశాను.

అప్పుడు చెప్పింది. నెల కావస్తోందట, కదలబట్టి. నీకు ముందే తెలుసని కూడా చెప్పింది.

నాకు కోపం వచ్చింది. దాచడం లేదు. అన్ని ఆదివారాలు వచ్చాను, ఒక్క మాట చెప్పలేదే అని నోటి దాకా వచ్చింది. ఆమె చేతిలో పని ఆపి నా ముఖమే చూస్తోంది, అంటానా అననా అని. అనలేదు.

చాలాసేపటికి, చెయ్యి వేసి చూడవచ్చా అని అడిగాను. ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని, నా చెయ్యి తీసుకుని పొట్ట మీద ఒక పక్కన పెట్టింది. ఏమీ కదల్లేదు. ఇంకో పక్కకు జరిపింది. అక్కడా లేదు. చెయ్యి అక్కడే ఉంచి ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నవ్వింది.

"బయపడకు. నిద్దరోతన్నాది" అంది. "ఆదివారం రా."

కూర్మారావు